మంచుదారిలో ఉప్పు పొట్లం

నాకు అసహ్యం ఎక్కువ. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నా కుడిచేతికి ఈ గతి పట్టడంలో మంచుకు ఎంత వాటా ఉందో దానికీ అంతే ఉంది.

పుట్టింది జాలరిపేటలో. మా అయ్య ఫిషింగ్ హార్బరులో బోట్లలోకి ఐసు దించే మనిషి. పదహారో ఏట నుంచి ఆరేళ్ళు నేనూ ఆయన వెనకాల ఐసు గదుల్లోకి దిగాను. బోటు అడుగున చేపలు నిలవ చేసే ఆ చీకటి గదిలో ఐసు, చేప నెత్తురు, డీజిలు కలిసి ఒక వాసన పుడుతుంది. అది ఏ సబ్బుకూ లొంగదు. ఆ వాసన పడకే సైకిళ్ళ పనిలోకి వచ్చేశాను. ఇప్పుడు సీతమ్మధారలో గేర్ల సైకిళ్ళు అమ్మే దుకాణంలో మెకానిక్కుని. రోజుకు పదిసార్లు చేతులు కడుక్కుంటాను. మా ఆవిడ కనక ఎండుచేపలు అమ్ముతుంది. సాయంత్రం ఇంటికొచ్చి తలస్నానం చేస్తే తప్ప నా కంచం దగ్గరకు రానిచ్చేవాణ్ణి కాదు. అలాంటి వెధవని.

"ఇశాపట్నంలో కూకోని మంచు కరిసిన ఏళ్ళ కోసం రాత్తే ఎవులు సదువుతార్రా?" అన్నాడు అయ్య. చదువుతారు. ఈమధ్య మనవాళ్ళు సైకిళ్ళు రైలెక్కించుకుని హిమాలయాలకు పోతున్నారు. వాళ్ళలో ఒక్కడి వేళ్ళు దక్కినా చాలు. ఇంకోటి, నా చెయ్యి చూసి నేనే మొహం తిప్పుకున్న రోజులు గడిచాయి కాబట్టి, ఇప్పుడైనా సరిగ్గా చూసుకోవాలనీ రాస్తున్నాను.

ఫిబ్రవరి నెలాఖరు

మా దుకాణానికి వచ్చేవాళ్ళు ఐదుగురు కలిసి ఒక క్లబ్బు పెట్టుకున్నారు. వాళ్ళకు పెద్ద రాంబాబు గారు. స్టీల్‌ప్లాంటులో ఇంజనీరు, ఉక్కునగరంలో క్వార్టరు, పుట్టిన ఊరు గోదావరి ఒడ్డు. కైలాసగిరి ఎక్కేశారు, భీమిలి రోడ్డు అరిగిపోయేలా తొక్కేశారు, అరకు ఘాటూ అయిపోయింది. ఇక మంచు మీద తొక్కాలని పుట్టింది. హిమాచల్‌లో, చలికాలం పోయే ముందు, పగలు కరిగిన మంచు రాత్రికి గాజులా గడ్డకట్టే రోజుల్లో, కొండదారుల మీద నాలుగు రోజులు.

"నువ్వు కూడా రావాలయ్యా రాజూ. దారిలో బండాగితే మాకు చెయిను ఎక్కించడం కూడా రాదాయె. తిండీ తిప్పలూ మావేనయ్యా," అన్నారు ఆయన. మంచు మీద తొక్కాలని నాకు మాత్రం లేదా? ఎగిరి గంతేశాను.

ఆరు బళ్ళూ నేనే సిద్ధం చేశాను. విశాఖలో ఉప్పుగాలికి ఇనుము నెలకే తుప్పు పడుతుంది. అందుకని వెనక చక్రం మధ్యలో, పెడలు తొక్కితే పట్టుకునే ఫ్రీవీల్ లోపల, బోట్లలో వలలు లాగే వించీలకు వేసే చిక్కటి గ్రీజు కూరుతాను. అది నా చేతి గొప్ప. రాజు గ్రీజు పెడితే మూడేళ్ళు చూడక్కర్లేదని ఊళ్ళో పేరు. ఆరింటికీ అదే పెట్టాను, దండిగా పెట్టాను. చలికి ఆ గ్రీజు ఏమవుతుందన్న ఆలోచన నా బుర్రకు తట్టలేదు. చలి అంటే నాకు తెలిసింది ఐసు గదే, అక్కడ సైకిళ్ళుండవు.

బయల్దేరే రోజు అయ్య ఒక పొట్లం తెచ్చి సంచిలో పెట్టాడు. కల్లుప్పు. ఐసు గదిలోంచి పైకొచ్చాక మా వాళ్ళు చేసే పని ఒకటుంది. చేతులు గోనెతో పొడిగా తుడుచుకుని, ఎండలో నిలబడి, గుప్పెడు ఉప్పు అరచేతిలో వేసుకుని బొటనవేలితో నలుపుతారు, పొగాకు నలిపినట్టు. ఒళ్ళు జివ్వుమంటుంది. మొద్దుబారిన వేళ్ళకు ప్రాణం వస్తుందని నమ్మకం. హార్బరులో అందరూ చేస్తారు, ఎందుకని ఎవరూ అడగరు.

"ఏళ్ళు బిగిసిపోతే దీంతో నలుపుకో," అన్నాడు అయ్య. "మండితే మంచిది. మండకపోతేనే బయపడాల."

మొదటి రోజు చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. టైర్లలో గాలి సగానికి తగ్గించి మెత్తటి మంచు మీద తొక్కుతుంటే కింద మరమరాలు నమిలినట్టు చప్పుడు. జీపులు పోయిన చాళ్ళు రాత్రికి గడ్డకట్టి ఉంటాయి. చక్రం ఆ చాలులో పడిందా, హ్యాండిలు మన మాట వినదు. మేకుల టైర్లు వేసినా రాంబాబు గారు నాలుగుసార్లు పడ్డారు, నేను రెండుసార్లు. బ్రేకు ముట్టుకోకుండా, నడుం వెనక్కి వేసి, బండిని దాని ఇష్టానికి వదలాలని మూడో వంపులో అర్థమైంది. అది అర్థమయ్యాక అరగంట సేపు నేను నేలమీద లేను. ఆ అరగంట అబద్ధం కాదు. అందుకే ఇప్పుడు తలుచుకుంటే ఇంకా మంట.

రెండో రోజు పొద్దున్న ఎండ రాకముందే బయల్దేరాం. రెండు మైళ్ళు పోయామో లేదో, రాంబాబు గారి పెడలు గిరగిరా తిరిగింది, బండి కదల్లేదు. తర్వాత ఇంకొకరిది. గంటలో నాలుగు బళ్ళు అంతే. నా గ్రీజు లోపల మైనంలా బిగుసుకుపోయింది. చక్రాన్ని పట్టుకోవాల్సిన చిన్న కొక్కేలు అందులో ఇరుక్కుని లేవడం మానేశాయి.

ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. దారి పక్కన మంచులో గోనె పరిచి, వెనక వస్తున్న జీపులోంచి సీసాడు పెట్రోలు తెప్పించి, ఒక్కో ఫ్రీవీలూ విప్పి కడగడం మొదలుపెట్టాను. లోపలి స్ప్రింగులు వెంట్రుకంత ఉంటాయి, చేతి తొడుగులతో పట్టుబడవు. తొడుగులు తీసేశాను. కుడి చూపుడువేలు, మధ్యవేలు పెట్రోల్లో ముంచి స్ప్రింగులు పట్టుకోవడం, బొటనవేలు స్క్రూడ్రైవరు పిడి మీద. మొదటి బండికి వేళ్ళు నొప్పెట్టాయి. రెండో దానికి సూదులు గుచ్చాయి. మూడో దానికి ఏమీ లేదు. నొప్పి పోయిందని సంతోషించాను. ఐసు గదిలోనూ అంతే కదా, మొద్దుబారాక పని సులువవుతుంది. నాలుగోది ముగించి చూసుకుంటే రెండు వేళ్ళూ కొవ్వొత్తుల్లా తెల్లగా ఉన్నాయి.

జీపు తోలే తెంజిన్ అక్కడి మనిషి, యాభై ఏళ్ళవాడు. నా చెయ్యి చూసి అతని మొహం మారిపోయింది. గబగబా కోటు గుండీలు విప్పి, చొక్కా ఎత్తి, నా చేతులు తన చంకల్లో పెట్టుకోమని సైగ చేశాడు. నాకు హిందీ అంతంతమాత్రం, కాని ఆ సైగ అర్థం కాకపోవడానికి ఏముంది? కోటులోంచి చెమట, డీజిలు, వెన్న ముక్కిన కంపు గుప్పుమని కొట్టింది. ఛీ అని పైకే అన్నాను. చెయ్యి వెనక్కి లాక్కున్నాను. అతను ఇంకోసారి పిలిచాడు. నేను జీపు వెనక్కి పోయాను.

అక్కడ ఉప్పు పొట్లం విప్పాను. ఎడమ అరచేతిలో పోసుకుని, తడి మంచు అంటుకున్న చేతుల్తోనే, కుడి బొటనవేలితో నలిపాను. మండలేదు. అయ్య ఏమన్నాడు? మండకపోతే భయపడమన్నాడు. నేను భయపడలేదు, ఇంకాస్త ఉప్పు వేసుకున్నాను. సగం పొట్లం అయ్యేదాకా నలిపి, తొడుగులు వేసుకుని, మిగిలిన దారంతా సైకిలు తొక్కాను. సాయంత్రం బసలో వేళ్ళకు తెలివొచ్చింది. ఆ నొప్పి గురించి రాయను. ఐదుగురు పెద్దమనుషుల ముందు పసిపిల్లాడిలా ఏడ్చానని మాత్రం రాస్తాను. తెల్లారేసరికి బొటనవేలితో సహా మూడు వేళ్ళ మీదా బొబ్బలు, ద్రాక్షపళ్ళంత.

మార్చి

విశాఖలో దిగేసరికి ఉక్కపోత మొదలైంది. చొక్కాలు తడిసిపోయే ఎండలో, మంచు కరిచిన చేతికి గుడ్డ చుట్టుకుని తిరిగాను. మొదట చూపించిన పెద్దాసుపత్రిలో పది నిమిషాలు చూసి, "మూడు వేళ్ళూ మొదలంటా తీసేద్దాం, రేపు రండి," అన్నారు, జుట్టు కత్తిరించడానికి రమ్మన్నట్టు. కనక నా భుజం పట్టుకుని బయటికి లాక్కొచ్చేసింది. రాంబాబు గారు వాకబు చేసి సీతమ్మధారలో ఒక డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్ళారు.

ఆమె తొందరపడలేదు. "చచ్చిన కండ ఏదో, బతికిన కండ ఏదో ఇప్పుడే ఎవరూ చెప్పలేరండి. రెండింటికీ మధ్య గీత దానంతటదే పడుతుంది. అప్పటిదాకా ఆగాలి. ఆగడం కష్టం," అంది. ఎంత కష్టమో ఆ రోజు తెలియలేదు. పెట్రోలు సంగతి, గ్రీజు సంగతి చెప్పాను. ఉప్పు సంగతి చెప్పలేదు. పక్కన అయ్య నిలబడి ఉన్నాడు.

ఆమె నా ఎడమ అరచెయ్యి తిప్పి చూసింది. మధ్యలో రూపాయి బిళ్ళంత ఎర్రటి పుండు.

"ఇదేమిటి? ఎడంచేత్తో పెట్రోలు ముట్టుకోలేదన్నారుగా?"

"ఏదో తగిలిందండి," అన్నాను. అయ్య కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాడు.

ఎందుకు చెప్పలేదంటే, ఆయన చేతుల్తో ఇచ్చింది. చెప్తే ఆ చేతులే నా వేళ్ళు తీసేశాయని ఆయనకు తెలుస్తుంది. ఎలాగూ వేళ్ళు పోయేవే, ఇంకొకరి గుండె కూడా ఎందుకని అనుకున్నాను. అది మంచితనమని కూడా అనుకున్నాను. ఇప్పుడు ఆ మంచితనం మీద ఉమ్మెయ్యాలనిపిస్తుంది.

డాక్టరమ్మ ఆసుపత్రి గదిలో బల్లల మీద కూర్చునేవాళ్ళంతా సుగరు మనుషులు. నా కట్టు చూడగానే ప్రతివాడిదీ ఒకటే ప్రశ్న. "సుగరా?" కాదు, మంచు, అంటే నవ్వేవాళ్ళు. ఒకావిడ అయితే, "మంచేటి బాబూ, మంచుకి ఏళ్ళు నల్లబడతాయేటి? ఆ సుగరే, నీకు సెప్పనేదు డాట్రు," అని తేల్చేసింది. ప్రతిసారీ మంచు కథ మొదట్నుంచీ చెప్పాలి. నాలుగోసారి నుంచి సుగరే అని ఒప్పేసుకున్నాను.

గాజువాక నుంచి వచ్చే పైడిరాజు అనే ఆయన ఒకడుండేవాడు. సుగరుకి ఎడంకాలి పాదం పోయింది. ఒకరోజు కట్టు మార్చాక నేను చొక్కా గుండీలు పెట్టుకోలేక ఎడంచేత్తో తంటాలు పడుతుంటే, కర్ర పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. "ఉండు బావా, నాను పెడతాను," అని ఒంటికాలి మీద తూలుతూ కింద నుంచి పైదాకా ఒక్కో గుండీ పెట్టాడు. అతని నోట్లోంచి చుట్ట వాసన నా మొహం మీద కొట్టింది. ఈసారి వెనక్కి జరగలేదు. జరిగితే ఆ గుండీలు పెట్టుకునే చెయ్యి నాకు లేదు.

ఏప్రిల్

బొబ్బలు చితికి ఎండి, వేళ్ళు నల్లబడ్డాయి. మూడూ. చూపుడువేలు, మధ్యవేలు కొసలు ముడుచుకుపోయి, కనక బుట్టలో కిందికి జారిపోయిన ఎండు నెత్తళ్ళ చేపల్లా తయారయ్యాయి. బొటనవేలు మొదలు దాకా నలుపు. తడిగా ఉన్నచోట వాసన. నా ఒంటి మీదే నా శవం ముక్క మోస్తున్నట్టుండేది. అన్నం సహించేది కాదు. పడుకుంటే చెయ్యి మంచం బయటికి చాపి మొహం గోడవైపు తిప్పుకునేవాణ్ణి. అద్దం ముందు దువ్వుకోవాలన్నా అసహ్యమే.

చూడ్డానికి చుట్టాలు వచ్చేవాళ్ళు. చూడ్డానికే వచ్చేవాళ్ళు. కట్టు విప్పమని అడిగిన మేనమామ ఉన్నాడు. విప్పాక ఫోను తీసి ఫొటో పట్టిన వాడి కొడుకు ఉన్నాడు. ఒకాయన కిరసనాయిలు పొయ్యమన్నాడు, ఒకావిడ ఏదో ఆకు నూరుకొచ్చింది, అది నా పుండు కంటే కంపు. క్లబ్బువాళ్ళు ఫోను గ్రూపులో నా ఫొటో పెట్టి, కింద దండాల బొమ్మలూ కండల బొమ్మలూ పెట్టారు. మంచు వీరుడట. రాంబాబు గారు మాత్రం ప్రతి మంగళవారం డ్యూటీ దిగి, ఉక్కునగరం నుంచి కారు తోలుకొచ్చి నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళేవారు. అద్దాలు దించేవారు. వాసనకని నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు.

కనకే అన్నం తినిపించేది. బుట్ట దించి, చేతులు కడుక్కుని, కంచం పట్టుకుని ఎదురుగా కూర్చునేది. ఎంత కడిగినా ఆ వేళ్ళకు ఎండుచేపల వాసన ఉంటుంది. పదేళ్ళు ఆ వాసనని గుమ్మం దగ్గరే ఆపినవాణ్ణి, ఇప్పుడు అవే వేళ్ళు నా నోట్లోకి వస్తున్నాయి. ఒకరోజు సిగ్గేసి అడిగేశాను, "నా చెయ్యి కంపుకి నీకు కడుపులో తిప్పడం లేదా?" అని.

"ఎండుసేపల బుట్ట మోసిందాన్ని, నాకీ కంపేటి మావా," అంది. "నీకే అన్నీ కంపు. నోరు తెరు, బేగి."

మే

గీత పడింది. రెండు వేళ్ళకూ చివరి కణుపు దగ్గర, దారంతో కట్టినట్టు. ఆ కొసలు పోతాయి, దాని గురించి ఇక మాట లేదు. బొటనవేలికి మాత్రం గీత పడలేదు. నలుపు మొదలు దాకా పోయి చర్మంలో కలిసిపోయింది. డాక్టరమ్మ మూడు మంగళవారాలు చూసింది. చివరికి, "ఇంకా ఆపితే చీము లోపలికి పోతుందేమోనని భయం. బొటనవేలు కూడా మొదలంటా తీసేద్దాం," అంది.

రెండు కొసలు పోయినా మెకానిక్కుగా బతకొచ్చు. బొటనవేలు పోతే అది చెయ్యి కాదు, తెడ్డు. స్పానరు పట్టదు, చక్రం తిప్పి ఊచ బిగువు చూడలేదు, అన్నం ముద్ద కలపలేదు. ఐసు గదిలో కొక్కెం కూడా పట్టదు, అక్కడికి తిరిగి పోదామన్నా. నాకు వచ్చిన రెండు పనులకూ ఆ వేలే ఆధారం. ఇంటికొచ్చి స్నానాలగదిలో తలుపేసుకుని నీళ్ళు విప్పి ఏడ్చాను.

అవి వేట నిషేధం నెలలు. బోట్లన్నీ ఒడ్డునే, ఐసు దించే పని లేదు. అయ్య రోజూ మా ఇంటి అరుగు మీదే కూర్చునేవాడు. నాతో మాట్లాడేవాడు కాదు, చెయ్యి వైపు చూసేవాడు కాదు. కొడుక్కి చెయ్యి పోతుంటే ఈయనకు చీమ కుట్టినట్టు లేదేమిటని నాకు ఆయన మీద కూడా అసహ్యం పుట్టింది. ఉప్పు సంగతి దాచింది ఈయన కోసమా, అనిపించింది.

కోతకు ముందు రోజు ఆఖరి పరీక్ష. అయ్య కూడా లోపలికొచ్చి గోడకు ఆనుకున్నాడు. డాక్టరమ్మ పెన్నుతో బొటనవేలి మొదట్లో నీలంగీత గీసింది, ఎక్కడ కొయ్యాలో గుర్తుకు. గీత చుట్టూ తిరిగి కలిసేలోపు అయ్య ముందుకొచ్చాడు. లుంగీ మడతలోంచి ఒక పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. సగం ఖాళీ అయిన నా ఉప్పు పొట్లం. ఊరినుంచి రాగానే కనక సంచి దులిపినప్పుడు పడి ఉంటుంది. రెండున్నర నెలలుగా మొలలో పెట్టుకుని తిరుగుతున్నాడు.

"ఏమిటిది?" అంది డాక్టరమ్మ.

"ఉప్పమ్మా. నానిచ్చిందే. ఇది నలుపుకోమని నానే సెప్పేను. ఆడు నలిపేడు. నా మొకం సూసి ఆడు సెప్పనేదు, ఆడి మొకం సూడనేక నానూ సెప్పనేదు." పొట్లం ఆమె వైపు జరిపాడు. "ఇది పనికొచ్చే మాటో కాదో నాకు తెల్దు. కొయ్యకముందు సెప్పాలి గదేటి."

ఆమె పెన్ను పక్కన పెట్టింది. నా ఎడమ అరచెయ్యి తిప్పి ఆ మచ్చ చూసింది. తర్వాత నా మొహం చూసింది. అంత కోపం ఆ మొహంలో నేనెప్పుడూ చూడలేదు.

"ఏ వేలితో నలిపారు?"

"బొటనవేలితో."

"పుల్లైసు ఎలా గడ్డకడుతుందో తెలుసా మీకు? ఐసులో ఉప్పు వేస్తారు. మంచుకి ఉప్పు తగిలితే దాని చలి పదింతలవుతుంది. మీరు వేలిని పుల్లైసు చేశారు. రెండున్నర నెలలు! తండ్రీ కొడుకులు నోట్లో ఏం పెట్టుకున్నారండీ?"

మేమిద్దరం దొంగల్లా నిలబడ్డాం. ఆమె కాస్త చల్లబడ్డాక చెప్పింది. పెట్రోల్లో ముంచిన రెండు వేళ్ళూ లోపల్నుంచి చచ్చాయి. బొటనవేలిని కాల్చింది ఎక్కువగా ఉప్పే అయితే, కాలింది పైపొర మాత్రమే కావచ్చు. లోపల ప్రాణం ఉండొచ్చు. పైకి మాత్రం రెండింటి నలుపూ ఒకటే. "మాట ఇవ్వను. కాని రేపు దీన్ని కొయ్యను," అంది. దూది స్పిరిట్‌లో ముంచి ఆ నీలంగీత తుడిచేసింది.

బయటికొచ్చాక బస్టాపులో నిలబడి అయ్యని అడిగాను, "పొట్లం చూసినరోజే నన్ను అడగొచ్చు కదా?" అని.

"నువ్వు సెప్పొచ్చు గదా?" అన్నాడు. ఒక్క మాట దాచి, ఒకరి పరువు ఇంకొకరు కాపాడుతూ, నా చెయ్యి కోతబల్ల దాకా తీసుకెళ్ళాం. ఇదంతా చదివి ఒక్కటి గుర్తుపెట్టుకోవాలంటే అదే. డాక్టరు దగ్గర సిగ్గుపడకండి, ఇంట్లోవాళ్ళ కోసం అస్సలు పడకండి.

జూన్, జూలై

రెండు వేళ్ళ కొసలూ తీసేశారు. తీసేశాక ఆ చేతిని చూడ్డం ముందుకంటే తేలికైంది, చచ్చింది పోయి బతికింది మిగిలింది కాబట్టి. బొటనవేలు మాత్రం నల్ల తొడుగు వేసుకున్నట్టు అలాగే ఉంది. రోజూ దాన్ని నొక్కి చూసేవాణ్ణి. ఏమీ తెలిసేది కాదు.

జూలైలో ఒక మధ్యాహ్నం, కనక గోరువెచ్చని నీళ్ళలో నా చెయ్యి కడుగుతుంటే నలుపు అంచు లేచింది. భయపడి ఆగిపోయింది. మళ్ళీ నీళ్ళు పోసింది. ఆ నల్లటి పెంకు మొత్తం, గోరుతో సహా, రొయ్య పొట్టు వలిచినట్టు ఊడి ఆమె చేతిలోకి వచ్చేసింది. చూస్తే వాంతికొచ్చేలా ఉంది. దాని కింద ఎలకపిల్లలా గులాబీ రంగులో, తడిగా, వేలు.

"ఓలమ్మో," అంది కనక. గోటితో దాని కొస మెల్లగా గిల్లింది.

"అబ్బా!" అని అరిచాను.

ఆమె ఆ కుళ్ళిన పెంకు చేతిలో పట్టుకునే, నా ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. తల నుంచి ఎండుచేపల వాసన. ఆ తల మీద ఎడమచెయ్యి వేసి ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.

ఇప్పుడు

మళ్ళీ దుకాణానికి పోతున్నాను. వేళ్ళ కొసలు లేవు కాబట్టి ఊచ బిగువు బొటనవేలితోనే చూస్తున్నాను. దాని మీద గోరు వంకరగా మొలిచింది, చలిగాలి తగిలితే జివ్వున లాగుతుంది. ఇదంతా ఫోనులో దానితోనే కొట్టాను. వించీ గ్రీజు డబ్బా పారేశాను. రాంబాబు గారు మళ్ళీ ఫిబ్రవరిలో మంచు మీద తొక్కుదామంటున్నారు. తిట్టి పంపించాను. తెంజిన్‌కి ఫోను చేయించి, నాకొచ్చిన ముక్క హిందీలో క్షమించమని అడిగాను. అతను నవ్వి, చెయ్యి ఎలా ఉందని అడిగాడు.

నిషేధం ఎత్తేశాక హార్బరులో ఒకటి జరిగింది, మా అమ్మ చెప్పింది. తను పనిచేసే బోటులో ఉప్పు డబ్బా ఉంటే అయ్య దాన్ని తీసుకెళ్ళి సముద్రంలో గుమ్మరించేశాడట. జనం పగలబడి నవ్వారట. "సముద్రానికి ఉప్పు తక్కువయ్యిందేటి ఈ ముసలోడికి!" అని అమ్మ కూడా నెత్తి కొట్టుకుంది.

మొన్న డిసెంబరులో ఒక పొద్దున్న నేనే హార్బరుకి వెళ్ళాను. ఏళ్ళ తర్వాత. అదే వాసన, ముక్కు పగిలేలా. అయ్య ఐసు గదిలోంచి పైకొచ్చాడు. వేళ్ళు నీలంగా బిగుసుకుపోయి ఉన్నాయి. గోనెతో తుడుచుకున్నాడు. అలవాటుగా డబ్బా ఉండే మూల వైపు తిరిగాడు. డబ్బా లేదని గుర్తొచ్చినట్టుంది, రెండు చేతులూ ముందుకు చాపి, వాటితో ఏం చెయ్యాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

నేను దగ్గరకెళ్ళి చొక్కా గుండీలు విప్పాను. ఆయన చేతులు పట్టుకుని నా చంకల్లో పెట్టుకున్నాను. చేప నెత్తురు, డీజిలు, ఐసు, అన్నీ నా ఒంటికి అంటుకున్నాయి. చలికి నా దవడలు కొట్టుకున్నాయి.

"ఏటిదిరా, అందరూ సూత్తన్నారు. సీ, సెమట కంపు," అన్నాడు అయ్య, మొహం పక్కకు తిప్పుకుని.

అంటూనే ఉన్నాడు. చేతులు మాత్రం తీసుకోలేదు.